రెండున్నర

స్పాండన్‌లో రైలు దిగినవాళ్లెవరూ
ఫ్యాక్టరీకి దారి అడగరు.
ముక్కే తీసుకెళ్తుంది గేటు దాకా.
ఎవరో ఊరగాయ జాడీకి మూత పెట్టడం మరిచినట్టు
ఊరంతా పులుపు.
మా అమ్మ ఆరేసిన దుప్పట్లలో, పాల సీసాల మెడల మీద,
ఆదివారం చర్చిలో ముందు వరస టోపీల్లో.

నాకు పంతొమ్మిదేళ్లు. రెండు నుంచి పది షిఫ్టు.
మ్యూరియెల్ టాప్లిస్ అని
కోటు జేబు మీద ఎర్రదారంతో కుట్టి ఉంది.
పని నేర్పినవాడు యుస్టినస్,
లిథువేనియా మనిషి.
యుద్ధం అతన్ని ఇక్కడ దించి
తిరిగి ఎక్కించుకోవడం మరిచిపోయింది.

"ఇది దూది," అన్నాడు మొదటిరోజు.
గింజని అంటిపెట్టుకుని మిగిలిపోయిన పొట్టి నూగు,
నేతకి పనికిరానిది.
"దీంట్లో ప్రతి కణికకీ మూడు చేతులు.
మూడూ ఖాళీ.
మనం వాటిల్లో పులుపు పెడతాం."
అంతే చెప్పాడు. మిగతాది గడియారం చెప్పింది.

ముందు ఆమ్లంలో నానాలి, తొందరపడకూడదు.
తర్వాత అన్‌హైడ్రైడ్. ఆపైన గంధకామ్లం,
కొలిచినంతే, బొట్టు ఎక్కువ కాకుండా.
ఇక తొట్టి లోపల కోపం మొదలవుతుంది.
చుట్టూ గొట్టాల్లో మంచులాంటి ఉప్పునీళ్లు పరిగెడతాయి.
వేడి చూపే ముల్లు కాస్త పైకి పాకితే
ఫోర్‌మన్ ఆల్సప్ ఈల వేయడం ఆపేస్తాడు.
ఆ ఈల ఆగడమే మాకు సైరన్.

గాజు పలక మీద ఒక బొట్టు. దీపానికెత్తి చూడు.
ఒక్క పోగు కనపడినా ఇంకా కాలేదు.
కనపడలేదూ, ఇక దూది లేదు.
ఉన్నది తేనెరంగు పాకం,
కడ్డీ ఎత్తితే తెగకుండా వేలాడే తీగపాకం.

మూడు చేతులూ నిండాయి.
అయిపోయిందనుకున్నాను, కోటు గుండీలు కూడా విప్పాను.
"ఇప్పుడే మొదలు," అన్నాడు యుస్టినస్
నీళ్ల కవాటం తిప్పుతూ.

నిండిన చేతుల్లోంచి కాస్త వెనక్కి తీసుకోవాలట.
ఇచ్చిందంతా పట్టుకు కూర్చున్నది మొండిది,
అసిటోన్‌లో వేస్తే ఉబ్బుతుంది గానీ కలవదు.
మూడో చేతిలో సగం
విడిపించాలి.
ఎక్కువ విడిపించావా, మళ్లీ చెడింది.
ఎప్పుడు ఆపాలి, అదే ఉద్యోగం.

గంటలు. టీ. అరగంటకొక సీసా.
ఊరికే ఉండలేక అడిగేదాన్ని.
ఊరి పేరు చెప్పాడు.
ఊరి పక్కన ఏరు ఎటు తిరుగుతుందో చెప్పాడు.
ఇంట్లో ఎవరుండేవాళ్లు అంటే
సీసాని దీపం దగ్గరికెత్తి
"ఇంకో ఇరవై నిమిషాలు," అన్నాడు.

డిసెంబరులో మా చెల్లి మేవిస్
గోళ్లరంగు చెరిపే మందు ఒలకబోసుకుంది కొత్త బ్లౌజు మీద.
మోచేతి దగ్గర షిల్లింగంత చిల్లు,
అంచు గాజులా గట్టిపడి.
ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చింది, నన్నే తిట్టింది,
గుడ్డ మా ఫ్యాక్టరీదని.

మర్నాడు నవ్వుతూ చెప్పాను.
యుస్టినస్ నవ్వలేదు.
"ఎంతసేపట్లో కరిగింది?"
"వెంటనే."
చెవి వెనక పెన్సిలు తీసి, ఏదో రాయబోయి,
మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు.
"అయితే సరిగ్గానే ఆపాం."

ఆ సాయంత్రం పాకాన్ని నీళ్లలోకి వదిలాం.
తెల్లని అటుకులై తేలింది, తొట్లకు తొట్లు.
కడుగు, మళ్లీ కడుగు, వేళ్లకి పులుపు తగలనంత దాకా.
ఆ నీళ్ల హోరులో, నా వైపు చూడకుండా,
ఒక పేరు చెప్పాడు. ఆడపిల్ల పేరు.
వయసు చెప్పాడు. ఆరు.
మూడో మాటకి నోరు తెరిచి
కవాటం కట్టేశాడు.

హోరు ఆగిపోయింది.
తొట్టి అంచు నుంచి చుక్కలు పడడం వినిపించింది.
నేను అడగలేదు.

రిజిస్టరులో నా చేతిరాత ఇంతే ఉంటుంది:
బ్యాచి నలభై ఒకటి. తేట.
ఆపిన వేళ, ఏడూ పది.